గుర్వమ్మ కాలి మీది అత్త

సోమవారం వచ్చిందంటే గుర్వమ్మ పొద్దున్నే అంబలి తాగి, గిన్నె బోర్లించి, ఎడమ కాలి కట్టు మీద పాత లుంగీ ముక్క చుట్టుకొని, ఊరి కమాను దగ్గర ఆటో కోసం నిలబడేది. కల్వకుర్తి దవాఖానకు పోవాలంటే ఆ ఆటో ఒక్కటే దిక్కు. డ్రైవరు ఆమెను చూడగానే తన పక్కన జాగా చేసేవాడు. అది గౌరవంతో చేసిన పని కాదు. వెనక కూర్చోబెడితే ఆమె కాలి మీది పుండు తొవ్వ పొడుగునా అందరి సంసారాలూ బయట పెడుతుంది. ముందు కూర్చోబెడితే తిట్లు తినేది తానొక్కడే.

"ఏందిరా, గీ ఆటోకు బిరేకులున్నయా? లేకుంటే మీ అయ్య లెక్క గుడ్డిగ ఉరుకుడేనా?" అనేది పుండు.

"ఉన్నయ్ పెద్దమ్మా. ఫికర్ చెయ్యకు," అనేవాడు.

ఆ పుండు గుర్వమ్మ అత్త మైసమ్మ.

పాలమూరు కూలీలంటే దేశమంతా తెలిసిన రోజులవి. మేస్త్రీలు లారీల్లో ఎక్కించుకుపోయి, ఎవరి పొలాల కోసమో కాలువలు తవ్వించేవాళ్లు. అత్తాకోడళ్లు ఒకే గుంపులో తట్ట మోసినవాళ్లు. మైసమ్మ అక్కడే, ఆ కాలువ గట్టు మీదే జ్వరంతో పోయింది. మట్టి పెట్టి వచ్చిన పూటే మేస్త్రీ తట్ట ఎత్తమన్నాడు. కళ్లనిండా నీళ్లుంటే పార ఎక్కడ పడుతుందో ఎవరికి కనబడుతుంది? గుర్వమ్మ చీలమండ పైన తెగింది. కొద్దిరోజులకు ఆ గాయం నోరు తెరిచి, "గీ నీళ్లు ఉప్పగున్నయ్. తాగకు పిల్లా," అన్నది.

"సరే అత్తా," అని గుర్వమ్మ ముంత కింద పెట్టింది.

ఇక అది మూసుకోలేదు. తెలంగాణ వచ్చింది. ఎత్తిపోతల నీళ్లు వచ్చినయ్. ఎవరెవరికో కాలువలు తవ్విన గుర్వమ్మ ఊరి పక్క నుంచే కాలువ పారింది, జొన్న చేలు వరి మళ్లయినయ్. పుండు మాత్రం మానలేదు. మానడానికి దాన్ని ఎవరు పట్టించుకున్నారు గనుక! ఒకచోట రేపు రమ్మన్నారు. ఒకచోట దూది అయిపోయిందన్నారు. ఒకచోట వాసనకు ముక్కు మూసుకొని దూరం నుంచే గోలీలు విసిరేశారు. పేదోని పుండు పేదోని తప్పే అన్నట్టు చూసే కళ్లు ఈ దేశంలో దవాఖానకొక జత ఉంటాయి. ఇంటికి వచ్చి పాత చీర చింపి కట్టుకునేది గుర్వమ్మ. "గింత బిర్రుగ కడ్తె నాకు ఊపిరాడద్దా?" అని అత్త తిట్టేది.

మొగుడు కూడా వలసలోనే పోయాడు. బిడ్డ పెళ్లి చేసుకొని నారాయణపేట దిక్కు పోయింది. ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. పప్పులో ఉప్పు దగ్గర మొదలైన కొట్లాట పడుకునేదాకా సాగేది. ఊరివాళ్లకు అదొక గడియారం. మైసమ్మ గొంతు లేచిందంటే పొయ్యి వెలిగించే వేళయిందని లెక్క.

ఆ ఏడు వానలు వెనకబట్టినప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన కోత డాక్టరు గుర్వమ్మ కాలును బల్ల మీద పెట్టించి చూశాడు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, "ఎముక దగ్గరికి పోతాంది. ఎండకాలం వచ్చేలోపల మానకపోతే మోకాలి కింద తీసెయ్యాలె," అన్నాడు.

"కాలు తీస్తే నాటెట్ల ఏస్త సారూ?"

"ప్రాణం ముఖ్యమా, నాటు ముఖ్యమా?"

వంగి నాటు వేస్తేనే పొయ్యి మండే మనిషిని ఆ రెండూ వేరు చేసి చెప్పమంటే ఏం చెబుతుంది? మైసమ్మే అందుకున్నది: "ఓ సారూ! నాటు లేకుంటే ప్రాణం ఏం తిని బతుకుతది? నీ ఇంటికాడ తింటదా?"

కోత డాక్టరు కట్టు కట్టమని నర్సుకు చెప్పి చేతులు కడుక్కున్నాడు.

అప్పుడే కల్వకుర్తి చివర ట్రస్టోళ్ల దవాఖానలో నిరోష అనే డాక్టరమ్మ మానని కాలిపుండ్లకు కొత్త పట్టీ పరీక్ష మొదలుపెట్టింది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసినవాని బిడ్డ. ఆదివారం చర్చి, మిగిలిన వారమంతా పుండ్లు. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పుండు మీదికి వంగిన మొదటి డాక్టరును గుర్వమ్మ అక్కడే చూసింది.

వరండా బెంచీ మీద పుండ్లోళ్లందరినీ కూర్చోబెట్టి నిరోష చెప్పింది: "కొత్త పట్టీల వెండి కలిపిండ్రు. పుండ్ల ఉండే పురుగును అది సంపుతదని అంటున్నరు. నిజమా కాదా చూడాలె. మీల కొందరికి వెండి పట్టీ, కొందరికి మామూలు పట్టీ. చూసెతందుకు రెండూ ఒక్కతీరే. చీటీలేసినట్టు కంప్యూటర్ ఏరుతది. ఎవరికి ఏదొచ్చిందో మీకూ తెల్వద్దు, నాకూ తెల్వద్దు."

మైసమ్మ నవ్వింది. "బతికున్నప్పుడు కాళ్ల కడాలు అమ్ముకొని తింటిమి. సచ్చినంక వెండి పెడ్తరట!"

బెంచీ అంతా ఘొల్లుమన్నది. చివర కూర్చున్న గొర్ల కాపరి పర్వతాలు మాత్రం నవ్వలేదు. తుమ్మ ముల్లు దిగి పుండైన కాలు అతనిది. మందను బామ్మర్దికి అప్పగించి వచ్చి, బామ్మర్ది దాన్ని ఏం చేస్తున్నాడోనని కుమిలేవాడు.

"నీకు గూడ తెల్వద్దంటే ఎట్లనమ్మా? వైద్యం జేసేదే నువ్వాయె," అన్నాడు.

"సంతల గొర్రెకు ధర కట్టేటప్పుడు అది నీ బామ్మర్ది గొర్రె అని తెలిస్తే నీ కన్ను ఎట్ల చూస్తది కాకా?"

"వాని గొర్రె అయితే బక్కగనే కనవడ్తది."

"నా కన్ను గూడ గంతే. వెండి పెట్టినమని తెలిస్తే మానకున్నా మానినట్టే కనవడ్తది."

అందరికీ సమజైంది. నిరోష గుర్వమ్మ కాలు ఒళ్లో పెట్టుకొని కడిగింది. అంచులు చూసి నుదురు ముడిచింది. "మైసమ్మవ్వా, నువ్వు మాట్లాడినప్పుడల్లా అంచులు చిట్లుతున్నయ్. కొత్త తోలు నిలుస్తలేదు."

"మాట్లాడకుంటే సచ్చినట్టే గద బిడ్డా."

"నువ్వు సచ్చినవు గదత్తా," అన్నది గుర్వమ్మ.

"సచ్చిన. గాని మాట పడిపోలే."

పట్టీ పెట్టి, పైన పాదం నుంచి మోకాలి దాకా బిగువు కట్టు కట్టి, వారం నడుమ ఇంటి దగ్గర మార్చుకోవడానికి పొట్లాలు ఇచ్చి పంపింది నిరోష. వరండా దాటి వేపచెట్టు కిందికి పోయేలోపలే మైసమ్మ చెప్పేసింది: "నాకు పెట్టింది ఉత్త గుడ్డనే. వెండి లేదు, గిండి లేదు."

పర్వతాలు ధోవతి పైకెత్తి తన కాలును ఆమె కాలి దగ్గరికి జరిపాడు. "పెద్దమ్మా, జర నాది సూడు."

"నీది వెండే. సల్లగ తగుల్తాంది."

ఇంకేముంది! ఒకరి తరువాత ఒకరు కాలు చాపారు. వెండి ఎవరికో, గుడ్డ ఎవరికో చెట్టు కిందనే తేలిపోయింది. వెండి వచ్చినవాళ్లు తల దించుకున్నారు. గుడ్డ వచ్చినవాళ్లు పొట్లాలను అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అప్పుడు గుర్వమ్మ తన తువ్వాల తీసి నేల మీద పరిచింది.

"ఊర్ల యాటను కోస్తే ఏం జేస్తం? పోగులు పెడ్తం. ఒకనికి తొడ, ఒకనికి ఉత్త బొక్క ఇస్తమా? తియ్యుండ్రి పొట్లాలు."

పోగంటే ఏమిటో గుర్వమ్మకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. యాట కోసిన నాడు మాంసాన్ని సమానంగా కుప్పలు పెట్టి, ఇంటికొక కుప్ప పంచడం ఆ సీమలో ధర్మం. అయితే ఆమె చిన్నతనంలో వాళ్ల వాడకు పోగు అందేది కాదు. పేగులు, గిట్టలు అందేవి. మాకూ పోగు కావాలని అడిగినందుకు ఆమె తండ్రిని ఊరి నడుమ నిలబెట్టి కొట్టారు. ఆ దెబ్బల మీదనే తరువాత వాళ్ల వాడకూ పోగు వచ్చింది. అట్లా వచ్చిన సమానం ఆమెకు ఒట్టి మాట కాదు.

పర్వతాలు కాసేపు మీసం తడుముకున్నాడు. తరువాత తన పొట్లాలు తువ్వాల మీద పెట్టాడు. పోగులు పెట్టడం గొర్లోళ్ల చేతి పని కాబట్టి కొడవలి కూడా అతనే పట్టుకున్నాడు. వెండి పట్టీలను చిన్న చిన్న ముక్కలు కోసి, ఎక్కువ తక్కువ లేకుండా అందరికీ పంచాడు. ప్రతి సోమవారం అదే జరిగింది. నవ్వుకుంటూ వచ్చారు, నవ్వుకుంటూ పంచుకున్నారు, ఎవరి కాలికి వారు బొట్టంత వెండి అంటించుకొని, సోమవారం లోపలికి పోయే ముందు ఆ ముక్కలు తీసేసి, బతుకమ్మ పండుగ కూడా దాటించారు.

ఒక్క పుండూ మానలేదు. మొదట కొద్దిగా ఎండినట్టు కనబడినవి కూడా మళ్లీ చెమ్మగిల్లాయి.

పరీక్ష చూసుకునే కంపెనీ మనిషి నాగేందర్ హైదరాబాదు నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రెండు రకాల పట్టీలకూ ఇసుమంత తేడా లేదు. "మందు పనిచేస్తలేదు డాక్టర్. ఇక్కడికి బంద్ చేద్దాం," అన్నాడు. అదే పూట నిరోష, వాళ్లు ముక్కలు తీసేసేలోపలే, ఒక ముసలాయన కట్టు విప్పింది. పుండు నడుమ కొడవలి గాటున్న చిన్న ముక్క కనబడింది. ఇంకొకరి కట్టు విప్పింది. ఇంకొక ముక్క. ఆమె లేచి, చేతి తొడుగులు తీసి, వరండాలోకి వచ్చింది.

"ఎవరు పంచిండ్రు?"

"నేనే బిడ్డా," అన్నది గుర్వమ్మ. "చెప్పింది మా అత్త. కోసింది పర్వతాలు. పంచుమన్నది నేను."

"మీకేమనిపించింది? నేను మీల కొందరికి దాచిపెట్టి కొందరికి పెడుతున్ననని అనుకున్నరా?"

"మాకు గాదు బిడ్డా, మా బతుకులకే అట్ల అనిపించింది. ఎప్పుడొచ్చినా కొందరికే వచ్చె. పంచుకునుడు తప్పా?"

నిరోష తండ్రి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన టిఫిను డబ్బాను వాడంతా పంచుకు తిన్న రోజులు ఆమెకూ ఉన్నాయి. బెంచీ చివర కూలబడింది.

"తప్పు గాదవ్వా. కూడు పంచుకుంటే అందరికి సగం కడుపన్న నిండుతది. మందు పంచుకుంటే ఎవరికీ సగం రోగం పోదు. పుండంత పట్టీ పుండు మీద ఉండాలె. మీరు చేసిందానితోని వెండి మంచిదో కాదో నాకు తెల్వకపాయె. తెల్వకపోతే ఏ సర్కారు దవాఖాన కొనదు. మీ ఎనక వచ్చేటోళ్లందరికి మళ్ల అదే చింపిన చీర."

పర్వతాలు తన కొడవలిని బెంచీ కిందికి నెట్టాడు.

నిరోష నాగేందర్‌తో పోట్లాడి ఒప్పించింది. మళ్లీ చీటీలు వేయించి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అతను ఒకే షరతు పెట్టాడు: "ఆ మాట్లాడే పుండు నోరు తెరవొద్దు. తెరిచిందంటే ఆ పేషెంటును తీసెయ్యండి."

తీసెయ్యడమంటే గుర్వమ్మకు కడుగుడు లేదు, బిగువు కట్టు లేదు, ఎండకాలం మొదట్లో కోత డాక్టరు రంపం ఉన్నది. నిరోష ఆ సంగతి దాచకుండా చెప్పి, "నేనేం చెయ్యలేనవ్వా. మీ అత్తాకోడండ్లే మాట్లాడుకోండ్రి," అన్నది.

మరునాడు మధ్యాహ్నం గుర్వమ్మ మడి గట్టు మీద కూర్చొని కాలు చాపింది. కోతలు అయిపోయి పొలమంతా మోళ్లు. దూరంగా కాలువలో నీళ్లు పోతున్నాయి.

"ఇన్నవా అత్తా?"

"ఇన్న. చెవుడేం లేదు నాకు."

"మరి ఏమంటవ్?"

"ఏమంట? నాకున్నదే గీ నోరు. చెయ్యి లేదు, కాలు లేదు, కడుపు లేదు. గిది మూస్తే నేనెక్కడున్నట్టు?"

గుర్వమ్మ ఒక మోడును పీకి మట్టి దులిపింది. చాలాసేపు దులిపింది. "పోనీ. మూయకు. కాలే పోనీ. వెదురు కట్టె ఊతం పట్టుకొని తిరుగుత."

"నీ మొకం! ఒంటికాలు మీద బురదల నిలవడ్తవా? కొంగ నిలవడ్డట్టు?"

"మరేం జెయ్యమంటవ్? నువ్వు లేకుంటే నాకు ఇంట్ల గొంతెక్కడిది? ఉప్పెక్కువైందని ఎవరు తిడ్తరు?"

కట్టు కింద అంచులు జరజర లాగినట్టయింది గుర్వమ్మకు.

"పిల్లా," అన్నది మైసమ్మ నెమ్మదిగా, "కాలు కోస్తే నన్నేం జేస్తరు?"

"బకీట్ల ఏస్తరట. కాలవెడ్తరట."

"ఒకపారి ఊరుగాని ఊర్ల మట్టి చేసిండ్రు నన్ను. మళ్లొకపారి బకీట్లకా? నేను పోను. మూసుకుంటే నీ తోలు కింద్నే ఉంట. నువ్వు యాడ నడిస్తే ఆడికొస్త. మాట ఉండకపోతే ఉండకపోనీ."

"అత్తా..."

"ఏడువకు. నువ్వేడిస్తే కండ్లు కనవడక మల్ల ఏ పారనో ఏసుకుంటవ్. ఒక్కటి చెప్త ఇను. ఇగ నన్ను ఏదీ అడగకు. ఏ గుడ్డ పెట్టిండ్రని అడగకు. నువ్వడిగితే నేను ఆగలేను, నా సంగతి నాకెరుక. ఇగో, పప్పుల ఉప్పు జర తక్కువెయ్యి. బతికినన్నొద్దులు చెప్పిన, సచ్చినంక చెప్పిన, నీకు రాదు."

ఆ తరువాతి సోమవారం ఆటో డ్రైవరు రోడ్డు గుంతలో చక్రం దించి, తిట్టు కోసం ఎదురు చూశాడు. రాలేదు. అద్దంలో గుర్వమ్మ మొకం చూసి మెల్లగా నడిపాడు.

దవాఖానలో కొత్త పట్టీ పెట్టారు. వేపచెట్టు కింద అలవాటు కొద్దీ పర్వతాలు కాలు చాపాడు. "పెద్దమ్మా, ఈపారి నాకేదొచ్చింది?"

కట్టు కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు. అందరూ గుర్వమ్మ దిక్కు చూశారు. ఆమె ఆకాశం దిక్కు చూసింది. పర్వతాలు ధోవతి కిందికి దించి, పొట్లాలు చంకలో పెట్టుకున్నాడు. ఎవరికేదో తెలియనప్పుడు పోగు పెట్టడానికి ఏముంటుంది? ఎవరి పొట్లం వాళ్లు పట్టుకొని బస్టాండుకు నడిచారు.

ఆ చలికాలమంతా గుర్వమ్మ ఇల్లు మూగగా ఉన్నది. పొరుగువాళ్లు పొయ్యి వెలిగించే వేళ తప్పిపోయి ఆలస్యంగా తిన్నారు. గుర్వమ్మ ఒకరోజు కావాలనే పప్పులో పిడికెడు ఉప్పు పోసింది. నోట్లో పెట్టుకోలేక కుక్కకు వేస్తే అదీ మూతి తిప్పుకున్నది. కాలు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చిన మాటను అత్త చెప్పినట్టే మింగింది. పుండు మాత్రం దగ్గరికి వస్తున్నది. మొదట అంచులు తెల్లబడ్డాయి, తరువాత లేత గులాబీ రంగు తోలు నడుమదాకా పాకింది. చివరికి అక్కడ మిగిలింది ఒక గీత.

మాఘమాసం పోయే వేళకు నాగేందర్ వచ్చి ఎవరికి ఏ పట్టీయో బయటపెట్టాడు. వెండి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మానింది, గుడ్డ వచ్చినవాళ్లలో కొద్దిమందికే. పర్వతాలుకు వెండే వచ్చిందట. వినడానికి అతను లేడు. కాలు మానగానే మందను తీసుకొని కృష్ణ ఒడ్డు దిక్కు పోయాడు. గుర్వమ్మ పేరు దగ్గర నాగేందర్ ఆగాడు.

"ఈమెకు రెండోసారి గూడ మామూలు గుడ్డనే. అందరికంటే పెద్ద పుండు ఈమెదే. ఎట్ల మానింది?"

"కడిగినం. బిగువు కట్టు కట్టినం. వేళకు మార్చినం. ఇన్నేండ్ల నుంచి ఈమెకు గీ పని ఎవరు చేసిండ్రు సార్?" అన్నది నిరోష. తరువాత గొంతు తగ్గించి, "ఇంగొకరు గూడ సాయం పట్టిండ్రు. మీరు గుడ్డ అనే రాసుకోండ్రి. ఉన్నదున్నట్టు రాస్తేనే పరీక్ష," అన్నది.

గుర్వమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. రెండోసారి కూడా ఉత్త గుడ్డనే అని అత్తకు మొదటి సోమవారమే తెలుసు. తెలిసి కూడా, కోడలికి మళ్లీ అన్యాయమే వచ్చిందని తెలిసి కూడా, ఆ నోరు ఊరుకున్నది. కాలువ మేస్త్రీకి భయపడని నోరు, కోత డాక్టరును నిలదీసిన నోరు.

కోత డాక్టరు ఆ పూటే ట్రస్టు దవాఖానకు వచ్చాడు. గుర్వమ్మ కాలును బల్ల మీద పెట్టించుకొని, వేలితో నొక్కాడు, వంచాడు, వెలుతురులో తిప్పి చూశాడు. "కొయ్యాల్సిన పని లేదు. మంచిగ మానింది. పో అమ్మా, నాటు ఏసుకో పో," అన్నాడు.

గుర్వమ్మ బల్ల దిగలేదు. రెండు చేతులతో చీలమండ పట్టుకొని, తల ఒకవైపు వంచి కూర్చున్నది.

"ఏమైందమ్మా? నొప్పున్నదా?"

"లేదు సారూ. జర ఆగు. నువ్వే నాటు ఏసుకో పో అన్నంక గూడ మా అత్త ఏమన్న అంటదేమోనని ఇంటున్న."

డాక్టరు చేతులు కడుక్కోవడానికి లేచినవాడు లేచినట్టే ఆగాడు. కొళాయి తిప్పలేదు. గదిలో అందరూ కలిసి కాసేపు విన్నారు.